మూఢం వెళ్లేదాకా

2023 డిసెంబరు 1, శుక్రవారం
మార్కాపురం

పదకొండింటికి ఎయిడ్స్ డే ర్యాలీ మా షాపు ముందునుంచే పోయింది. ముందు నర్సింగ్ పిల్లలు, వెనక హైస్కూలు పిల్లలు, అందరి గుండెల మీదా ఎర్ర రిబ్బన్లు. ఎండకు కళ్లు చికిలించుకుంటూ నినాదాలిస్తున్నారు. సూదుల మీద కొన్ని, భార్యాభర్తల నమ్మకం మీద కొన్ని. ఈ ఏడు ప్రపంచమంతా అనుకున్న మాటేమో, ఈ జబ్బుతో బతికేవాళ్లే ముందుండి నడిపించాలని. ఫ్లెక్సీ పట్టుకున్న అమ్మాయి దాహమని షాపులోకొచ్చి నీళ్లు తాగి పోయింది. ముందు నడవాల్సినవాడు ఆ నీళ్లు పోసినవాడేనని ఆ పిల్లకేం తెలుసు.

రాష్ట్రంలో మూడు లక్షలమందికి పైనే ఉన్నాం. దేశంలో మహారాష్ట్ర తర్వాత మనమే. అంతమందిలో నాకు మొహం తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కే, అదీ గుంటూరు ఆసుపత్రి లైన్లో చూసిన మొహాలు.

పన్నెండు దాటాక ఒక కుర్రాడొచ్చాడు. పాతికేళ్లుంటాయి. "నేనే తీసుకుంటానన్నా" అని మిషను మూత తనే ఎత్తి, కాగితం గాజు మీద బోర్లించి, కాపీ బయటికొచ్చేదాకా ట్రే మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆధార్ కార్డుకి అంత కాపలా ఎవరూ కాయరు. డబ్బులిచ్చి మెట్టు దిగాడు, మళ్లీ ఎక్కాడు. "అన్నా, గుంటూరు బండి ఎన్నింటికి?"

"ఆ కాగితాలతో అయితే పొద్దున బండికే పో. ఓపీ చీటీ తొందరగా రాయించుకోవచ్చు" అన్నాను.

గుటక వేశాడు. మొహంలో రంగు పోయింది.

"నేనూ ఆ బండికే పోతుంటాలే" అన్నాను.

వాడిది గిద్దలూరు వైపు పల్లెటూరు. గిద్దలూర్లో జిరాక్సు షాపులు లేక కాదు ఇంత దూరం రావడం. బెంగళూర్లో ఉద్యోగం, జ్వరానికి టెస్టులు చేయిస్తే బయటపడిందట. వాడి పేరు ఇక్కడ రాయను.

డిసెంబరు 9, శనివారం

నిన్న రాత్రి ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. ఆఖర్న, "అన్నా, నీకెట్టా వచ్చింది?" అన్నాడు. ఇది నన్ను అడగనివాళ్లు లేరు. లారీ మీద క్లీనరుగా తిరిగానని ఒకళ్లకు, మంగలి షాపులో బ్లేడని ఒకళ్లకు చెప్పుకుంటూ వచ్చాను. వీడికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల కుక్క మొరగడం తప్ప ఏం వినపళ్లేదు కాసేపు. తర్వాత, "నేనూ అంతేనన్నా" అన్నాడు.

అప్పట్నుంచి వాడే గుర్తొస్తున్నాడు, మా పలకల ఫ్యాక్టరీవాడు. 2010. మిషను మీద పలక కోసేవాడు. సాయంత్రం షాపుకొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొడి. నేను తడిగుడ్డ ఇస్తే మొహం తుడుచుకునేవాడు, ఆ గుడ్డ ఉతికినా రంగు పోయేది కాదు. వాడికి రిపోర్టు వచ్చింది. నెల తిరక్కముందే పోయాడు. జిల్లా ఎడిషన్లో నాలుగు లైన్లు వేశారు, కడుపునొప్పి భరించలేక అని. రాళ్లు తిని అరిగించుకునే కడుపు వాడిది. పాడె మోసినవాళ్లలో నేనొకణ్ణి. స్నేహితుడు కదా పాపం అని నా భుజం తట్టారు. ఆ తట్టిన చేతుల్లో ఒక్కరికి తెలిసినా మళ్లీ తాకేవాళ్లు కాదు. నేను టెస్టు చేయించుకుంది ఆ మరుసటేడే.

జాతీయ నేర రికార్డుల బ్యూరోవాళ్లు ఆత్మహత్యల లెక్క ఏటా పుస్తకం వేస్తారు. 2022 సంవత్సరానిది ఈ వారమే వచ్చింది. దేశం మొత్తమ్మీద 1,70,924 మంది. కారణాల పట్టికలో జబ్బుల కింద ఎయిడ్స్, సుఖవ్యాధులకని ఒక గడి ఉంది. మావాడు ఆ గడిలోకి కూడా ఎక్కి ఉండడు, కడుపునొప్పిలోనే ఉండిపోయి ఉంటాడు. రెండో సంగతికి, అంటే మగవాణ్ణి ప్రేమించిన మగవాడనే సంగతికి, అసలు గడే లేదు.

ఇంగ్లండు, వేల్సులలో 1997 నుంచి 2012 దాకా ఈ జబ్బు బయటపడినవాళ్లను వెంటాడి చూసిన పరిశోధన ఒకటి 2017లో లాన్సెట్ వాళ్ల పత్రికలో వచ్చింది. మగవాళ్లలో ఆత్మహత్యలు మామూలు జనంకంటే రెండింతలు. రిపోర్టు చేతికొచ్చిన మొదటి ఏడాదిలో అయిదింతలు దాకా. మందులు ఉచితంగా దొరికే దేశంలో, మనిషి ముసలితనం దాకా బతకగలిగే కాలంలో ఆ మొదటి ఏడాది అంత గండం. వీడికిప్పుడు నెల కూడా కాలేదు.

2024 జనవరి 16, కనుమ

ఊరినుంచి ఫోన్ చేశాడు. వెనకాల చుట్టాల గోల. ఇంటినిండా జనం, మందు ఎక్కడ దాచాలో తెలియట్లేదని. డబ్బాలో ముప్పై బిళ్లలుంటాయి, సంచిలో పెట్టి కదిలిస్తే గిలకలా మోగుతాయి. బీకాంప్లెక్స్ డబ్బాలోకి మార్చుకుని పైన దూది కుక్కమన్నాను. నా డబ్బాలో ఏళ్లుగా ఉన్నది ఆ దూదే. చెమ్మ తగలకుండా డబ్బాలో ఉండే చిన్న పొట్లం కూడా అందులోనే వెయ్యమన్నాను.

రాత్రి తొమ్మిదికి అలారం మోగితే మేనమామ కూతురు పకపకా నవ్విందట, బావకి ఎవరో అమ్మాయి గుర్తొచ్చే టైమని. మామ వాళ్ల నాన్నతో మేడమీద కూర్చుని ఏదో మాట్లాడుతున్నాడట. ఏదో ఏమిటి, మాఘం వస్తోందిగా.

ఫిబ్రవరి 24, శనివారం, మాఘ పౌర్ణమి

నిద్ర లేదు. వివరంగా రాసుకోవాలి.

గురువారం రాత్రి పదకొండుకి ఫోన్. గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు నచ్చలేదు. ఏడుస్తూ చేసిన రోజుల్లో నేనింత బెదరలేదు. "నువ్వు నాకు చాలా చేశావన్నా. ఇంట్లో మాట ఖాయం చేసుకున్నారు. ఆ పిల్లకు నేను అన్యాయం చెయ్యలేను" అన్నాడు, లెక్క అప్పజెప్పినట్టు.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నాను.

చాలామంది ఇది అడగరు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని జంకు. డాక్టర్లు చెప్పేది దానికి ఎదురు. సూటిగా అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. 2010లో మావాణ్ణి ఇల్లు గానీ ఆసుపత్రి గానీ ఈ ముక్క అడిగినట్టు నాకు తెలియదు.

"ఊ" అన్నాడు.

ఎప్పట్నుంచి అన్నాను. చెప్పాడు. పత్తికి కొట్టే మందులు ఎక్కడ పెడతారన్నాను. అదీ చెప్పాడు. అయితే ఇప్పుడే లేచి వెళ్లి అమ్మ పడుకున్నచోట కూర్చో, ఫోన్ పెట్టెయ్యమాక అన్నాను. ఆ తర్వాత పెద్ద మాటలేం లేవు. బెంగళూర్లో వాడి మెస్సు, కంభం చెరువులో ఈ ఏడు నీళ్లెంత, మా షాపు మిషను ఎందుకు మొరాయిస్తోంది. నడుమ నడుమ మళ్లీ అదే ప్రశ్న, ఇప్పుడెట్టా ఉందని. రెండు దాటాక, "అక్కను పిలవనా" అని తనే అన్నాడు.

అక్కను కంభంలో ఇచ్చారు. తెల్లారేసరికి అక్కా బావా బండి మీద వచ్చేశారు. బావ ఒక్క ప్రశ్నా వెయ్యకుండా వసారాలో డబ్బాలన్నీ గోతంలో కట్టుకుని తన చేలో మోటారు కొట్టంలో పెట్టి తాళం వేశాడట. ఆ మనిషిని నేను చూడలేదు గానీ ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. శ్రీలంకలో ఘోరమైన పురుగుమందుల్ని 1995 నుంచి వరసగా నిషేధిస్తే ఆత్మహత్యలు సగానికి పైగా పడిపోయాయి. కష్టాలు తగ్గి కాదు, చేతికి అందే దూరంలో లేక. చావాలన్న ఆ ఉద్ధృతి కాసేపే ఉంటుంది. అది దాటేదాకా మధ్యలో ఒక తాళమో ఒక మనిషో ఉంటే చాలామంది బతికిపోతారు.

ఇక్కడి మిర్చి పొలాల్లో, పత్తి పొలాల్లో ఎవడి ఇంట్లో లేవు ఆ డబ్బాలు?

అక్కకు వాడు చెప్పుకున్నాడు. జబ్బు సంగతి మాత్రమే. ఎట్టా వచ్చిందంటే, బెంగళూర్లో ఒక అమ్మాయి అన్నాడట.

ఫిబ్రవరి 27, మంగళవారం

అక్క ఫోన్ చేసింది. ఆమెకు తెలిసినంతలో నేను "గుంటూరు ఆసుపత్రిలో పరిచయమైన అన్నయ్య"ని. ఏడవలేదు, మంచి గట్టి మనిషి. మామ కూతురి సంబంధం జాతకం మీదికి నెట్టి ఆపించేసింది. హమ్మయ్య అనుకుంటున్నాను, అంతలోనే, "మందులేసుకుంటే మామూలుగానే బతకొచ్చంట గదన్నా. అదే జబ్బున్న పిల్లను చూసి చేస్తే ఇద్దరికీ తోడు. అట్టా సంబంధాలు కుదిర్చేవాళ్లు కూడా ఉన్నారంట" అంది.

నోట మాట రాలేదు నాకు. ఆ తల్లిది మంచి మనసు. కానీ ఆ మంచంతా బెంగళూర్లో ఒక అమ్మాయితో పోయిన తమ్ముడి కోసం, ఆ తమ్ముడేమో లోకంలో లేడు. రెండు నిజాల్లో వాడికి తక్కువ సిగ్గనిపించింది బయటపెట్టాడు. దానికి తగ్గ సాయం దానికి వచ్చింది, రెండోది అట్టాగే లోపల కూర్చుంది. ఇప్పుడు "వద్దు" అనడానికి మిగిలిన సాకు కూడా పోయింది వాడికి.

మనసు బాగోలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన టెలి మానస్ 14416కి వాడి చేతే ఫోన్ చేయించాను. తెలుగులోనే మాట్లాడారు. డాక్టర్ దగ్గరికి పొమ్మన్నారు. ఇక్కడే ఇంకో భయం: "మగవాళ్లంటే ఇష్టమని చెబితే మార్చేస్తామంటారేమో." అట్టా మార్చే వైద్యం వృత్తి ధర్మానికి విరుద్ధమని జాతీయ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చేసింది, మద్రాసు హైకోర్టు ఒత్తిడి మీద. ఇది జబ్బు కాదని మనోవైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. ఎవడన్నా అట్టా అంటే లేచి వచ్చెయ్, ఇంకో డాక్టర్ ఉంటాడు అన్నాను. ఎక్కడ ఉంటాడన్నది వేరే మాట. మన ఊరికి మెడికల్ కాలేజీ అంటున్నారు, గోడలు లేస్తున్నాయి, మనసు డాక్టర్ కావాలంటే ఇప్పటికైతే బస్సెక్కాల్సిందే.

మార్చి 11, సోమవారం

ఇద్దరం గుంటూరు పోయొచ్చాం. శివరాత్రి జనం ఇంకా పల్చబడలేదు, దొనకొండ దాకా నిలబడే. దగ్గర్లో దొరికే మందుకు ఇంత దూరం ఎందుకన్నాడు. తెలిసిన మొహం తగలకుండా ఉండటానికి కట్టే టిక్కెట్టు ఇది అన్నాను.

దారిలో నా మందుల చరిత్ర చెప్పాను. నాకు తొలిరోజుల్లో రక్తంలో సీడీ ఫోర్ కణాలు ఇంతకు పడిపోతేనే మందన్నారు. టెస్టులో తేలగానే మందనే పద్ధతి 2017లో వచ్చింది. మధ్యలో చాన్నాళ్లు ఎఫావిరెంజ్ కలిసిన బిళ్ల మింగాను. రాత్రి వేసుకుంటే తల తిరుగుడు, ఆపైన కలలు. కలలంటే అట్టాంటిట్టాంటివి కావు, పోయినవాడు మొహం మీద పలక పొడితో వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. తెల్లారాక షాపు షట్టరు ఎత్తబుద్ధయ్యేది కాదు. నా బుద్ధే చెడిందనుకున్నాను. అమెరికా పరిశోధకులు అయిదువేలమందికి పైగా రోగుల మీద జరిగిన మందుల ప్రయోగాల లెక్కలు తిరగేసి, ఆ మందు వాడినవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు రెండింతలని 2014లోనే రాశారని తర్వాతెప్పుడో చదివాను. కొందరి మనసుని మందే కుంగదీస్తుంది, అది మన పిరికితనం కాదు. ఇప్పుడిచ్చే డోలుటెగ్రావిర్ బిళ్ల చాలా నయం. కొందరికి నిద్ర చెడగొడుతుంది, అప్పుడు పొద్దున పూట వేసుకోవచ్చు, డాక్టర్నడిగి. వీడికీ నిద్ర పట్టట్లేదట, మూడు నెలలుగా ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం మనోవైద్యుడి దగ్గర తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు అని నాలుగు గడులు. ఎనిమిదింటికి గబగబా టిక్కులు పెట్టాడు. తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. పెన్ను దాని మీద ఆగింది. నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. మూడో గడిలో పెట్టాడు. డాక్టర్ ఆ కాగితం చూసి మొదట అడిగింది కూడా దాని గురించే. ఆయన మంచివాడు. ఎవర్నిష్టపడతావని అడిగి, విని, తల ఊపి, తర్వాతి ప్రశ్నకు పోయాడు. వీడు బయటికొచ్చి, "ఏమీ అనలేదన్నా" అని రెండుసార్లు అన్నాడు.

ముంబైలో మావంటివాళ్లు 150 మందిని కూర్చోబెట్టి అడిగితే 45 శాతం మంది చావు ఆలోచనలున్నాయన్నారు, ఇది 2011 నాటి పరిశోధన. ముంబైలో సంఘాలున్నాయి, ఊరేగింపులున్నాయి. గిద్దలూర్లో ఎవరు కూర్చోబెట్టి అడుగుతారు?

ఏప్రిల్ 9, ఉగాది

క్రోధి నామ సంవత్సరం. చెన్నకేశవస్వామి గుళ్లో పంచాంగ శ్రవణం విన్నాను. ఆదాయ వ్యయాలు పక్కన పెడితే, ఈ నెలాఖరునుంచి మూఢం, అదయ్యాక ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. పెళ్లిళ్ల సీజన్ పోయిందని మేళగాళ్లు తిట్టుకుంటున్నారు. నేను బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. "తెలుసన్నా, నేనూ లెక్కేసుకున్నా" అన్నాడు. నవ్వాడు కూడా.

మళ్లీ బెంగళూరు పోయి పనిలో చేరాడు. మందు అక్కడి సెంటరుకు మార్పించుకున్నాడు.

మే 14, మంగళవారం

నిన్న ఓట్లు. బెంగళూరునుంచి బస్సులు బస్సులుగా దిగారు. వీడూ దిగాడు. వేలి మీద సిరా చుక్కతో షాపుకొచ్చి కూర్చున్నాడు. ఒళ్లు చేశాడు కొంచెం.

అక్కడ ఒకతను పరిచయమట. చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అతనికి జబ్బు సంగతి చెప్పాడా అన్నాను. చెప్పాడు, అతను రెండురోజులు మాట్లాడలేదు, మూడోనాడు వచ్చి, మందుతో వైరస్ అణిగితే అంటదనే ఆ వైరల్ లోడ్ సంగతి నిజమేనా అని అడిగాడట. నిజమే. ఒకరికి ఉండి ఒకరికి లేని మగజంటల్ని యూరప్‌లో ఏళ్లపాటు చూశారు, నిరోధ్ లేకుండా డెబ్బై వేలపైన కలయికలు, వైరస్ అణిగి ఉన్నవాడినుంచి పక్కవాడికి అంటింది ఒక్కటీ లేదు. 2019లో లాన్సెట్‌లో వచ్చింది. ఈ కబురు మన ర్యాలీల్లో ఎందుకు అరవరో నాకు అర్థం కాదు. నినాదానికి పొడుగెక్కువైతే కుదిస్తాను, ఊరికే జిరాక్సు తీసి పెడతాను.

నాకు మాత్రం ఆ కబురు వచ్చేసరికి చెప్పుకోడానికి మనిషి లేడు.

జులై 1, సోమవారం

పొద్దున్నే సచివాలయం వాళ్లు ఇంటింటికీ పింఛన్లు పంచుతున్నారు. పెంచింది ఇవాళ్టినుంచే చేతికి. మాకూ నాలుగు వేలు. నేను ఇంతవరకు అర్జీ పెట్టలేదు. మా వీధిలో ఎవరికెందుకు పింఛనొస్తుందో అరుగుల మీద లెక్క ఉంటుంది. వితంతువు కాదు, ముసలాడు కాదు, మరి వీడికెందుకు అంటారు. 2017 చట్టం నా అనుమతి లేకుండా ఎవరూ బయటపెట్టకూడదంటుంది. అరుగులకు ఆ చట్టం వర్తించదు.

ఇంకో సంగతి కూడా ఇవాళ్టినుంచే. పాత శిక్షాస్మృతి పోయి న్యాయ సంహిత వచ్చింది. 377 కోరలు 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు పీకింది, ఇప్పుడు ఆ సెక్షన్ అంకె కూడా లేదు. చావబోయి బతికినవాడి మీద కేసు పెట్టే 309 కూడా అట్టాగే పోయింది. మావాడి కాలంలో రెండూ చట్టం పుస్తకంలో ఉన్నాయి. పోయిన అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేమన్నారు. దానికి మా పక్క ఎవరూ దిగులుపడినట్టు లేదు. మాకు పెళ్లి దొరక్కపోవడం కాదు బాధ, తప్పించుకోవడం.

మధ్యాహ్నం అక్క వచ్చింది. మొదటిసారి చూడటం. పాస్‌పుస్తకం కాపీలు కావాలని వంక. కాపీలు చేతిలో పట్టుకుని అట్టే నిలబడింది. "వాడికి వైరస్ కనపడట్లేదని రిపోర్టొచ్చింది. సంతోషమే. శ్రావణంలో అదే జబ్బున్న ఒక పిల్లను చూద్దామంటే మాత్రం మళ్లీ మొహం అదోలా పెడుతున్నాడు. ఇంకేమన్నా ఉందా అన్నా? మీకు తెలుసు."

తెలుసు. కానీ అది నేను విప్పే మూట కాదు. "వాణ్ణే అడుగమ్మా. అడిగి, ఏం చెప్పినా ఆ రాత్రి వాడి పక్కనే ఉండు" అన్నాను. ఆమె కాసేపు నన్ను, షాపుని, గోడ మీద పెళ్లాంబిడ్డల ఫొటోలు లేని చోటుని చూసింది. "మీక్కూడా అదేనా" అంది. అబద్ధం వెతుక్కున్నాను, లారీ దొరకలేదు, బ్లేడూ దొరకలేదు. తల ఊపాను.

జులై 7, ఆదివారం

శనివారం రాత్రి బస్సుకి వాణ్ణి పిలిపించి అడిగేసింది. చెప్పేశాడు. లేచిపోయి వంటింట్లో చాలాసేపు ఉండి, తర్వాత వచ్చి అన్నం పెట్టిందట. ఆ పిల్ల సంబంధం వాళ్లకు తనే ఫోన్ చేసి వద్దని చెప్పింది. బావకు ఇంకా తెలియదు.

ఇప్పుడు గొడవ ఏమిటంటే, అమ్మకు చెప్పాలని అక్క పట్టు. ఎంతకాలమని ఒక్కో సంబంధానికి ఒక్కో జాతకం తప్పు చూపిస్తామంటుంది. వద్దని నేను. ఆమెకు షుగరు, ఊళ్లో ఇల్లు, నలుగురి మధ్య బతుకు. చెప్పాక ఆమెను ఎవరు చూసుకుంటారు? వీడు ఇద్దరి మాటా విని, ముందు డాక్టర్నడుగుదాం అంటున్నాడు. మందు తగ్గించొచ్చేమో కూడా అడగాలట, తనంతట తను ఆపనన్నాడు. వచ్చే సోమవారానికి చీటీ ఉంది. ఈసారి అక్క కూడా వస్తానంది, వాళ్లిద్దరూ కంభంలో ఎక్కేట్టు ముగ్గురికీ టిక్కెట్లు తియ్యాలి.